ఆంప్ కొనే ముందు దుకాణంలో ఏం చేయాలి, ఎలా వినాలి

దక్షిణ ఒడిశాలో, రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో ఉంటూ గిటార్ వాయించుకునేవారికి యాంప్లిఫయర్ (ఆంప్) కొనడం అంటే ఒక ప్రయాణం. మన ఊళ్ళ సంగీత దుకాణాల్లో హార్మోనియంలు, తబలాలు, ఢోలకులు, కీబోర్డులు, గోడకు వేలాడే నాలుగైదు గిటార్లు కనబడతాయి గానీ, రెండు మూడు ఆంపులను పక్కపక్కన పెట్టి వినే వీలు అరుదుగా దొరుకుతుంది. రాయగడ, గుణుపురం వైపువారు విశాఖపట్నానికో, బరంపురంవారు భువనేశ్వర్‌కో వెళ్ళి చూసుకోవలసి వస్తుంది. తెచ్చుకున్నది నచ్చకపోతే పదిహేను కిలోల పెట్టెను మళ్ళీ రైలెక్కించి తీసుకువెళ్ళడం, దుకాణంవారితో వాదించడం, ఒక రోజు కూలీ పోగొట్టుకోవడం అన్నీ మన నెత్తిమీదే పడతాయి కాబట్టి, వెళ్ళిన ఆ ఒక్కరోజే పరీక్ష సరిగా చేయడం మేలు.

నా మొదటి ఆంపును నేను పావుగంటలో కొన్నాను. దుకాణంలోని కుర్రవాడు దాన్ని గది మూలన నేలమీద పెట్టి, ఎకో కలిపి, వాల్యూమ్ పెంచి, తానే నాలుగు వరసలు వాయించి చూపించాడు. గది అదిరిపోయింది, నేను డబ్బు లెక్కపెట్టాను. ఆదివారం మా ప్రార్థన మందిరంలో పెట్టి వాయిస్తే ముందు వరసలో కూర్చున్న పెద్దలు మొహాలు చిట్లించుకున్నారు, పక్కలకు కూర్చున్నవారికి మాత్రం మూటకట్టిన శబ్దం వినబడింది. ఆంప్‌లో లోపం ఏమీ లేదు. దుకాణంలో నేను విన్నది ఆంప్‌ను కాదు, ఆ గది మూలను, ఆ ఎకోను, ఆ గట్టితనాన్ని. ఈ మూడింటినీ తీసివేసి వినడం ఎలాగో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

బయలుదేరే ముందు

ముందుగా ఆంప్ ఎక్కడ మోగాలో తేల్చుకోండి. ఇంట్లో రాత్రిపూట సాధనకా, మందిరంలో పాటలకా, గణేశ్ పూజ, దుర్గా పూజ రోజుల్లో మెలోడీ పార్టీతో (పాటల బృందంతో) స్టేజి మీదికా అన్నదాన్నిబట్టి వెతకవలసిన వస్తువే మారిపోతుంది. రెండో ప్రశ్న గిటార్ గురించి. మీది ఎలక్ట్రిక్ గిటారా, లేక మనవైపు ఎక్కువమంది వాడే, జాక్ పెట్టుకునే వీలున్న చెక్క గిటారా? ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లోని స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన తర్వాత శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు అది వరం, ఎందుకంటే కర్ణకఠోరమైన గరగర అక్కడే ఉంటుంది. చెక్క గిటార్‌కు అదే శాపం, ఎందుకంటే తీగ మీటినప్పటి తళుకంతా ఆ పైభాగంలోనే ఉంటుంది. కనుక చెక్క గిటార్ వాయించేవారు, పెద్ద స్పీకర్‌తోపాటు ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్) కూడా ఉన్న అకూస్టిక్ ఆంప్‌నే అడగాలి. దాని పరీక్ష కొంచెం వేరు, తర్వాత చెబుతాను.

వాట్ల సంఖ్యను చూసి భయపడకండి, మురిసిపోకండి. వాట్లు రెట్టింపు అయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది ‘కొంచెం ఎక్కువ’ అనిపిస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అంటే 10 వాట్లకూ 20 వాట్లకూ ఉన్న తేడా ధర చెప్పినంత పెద్దది కాదు. స్పీకర్ సెన్సిటివిటీ అనే అంకె కూడా అంతే పని చేస్తుంది. ఒకే వాటు ఇచ్చినప్పుడు 97 డెసిబెల్స్ పలికే స్పీకర్‌కు బదులు 100 పలికేది పెడితే, వాట్లు రెట్టింపు చేసినదానితో సమానం. ఇంటికి 10 నుంచి 20 వాట్లు ధారాళంగా సరిపోతాయి. స్టేజి మీద డ్రమ్స్ పక్కన నిలబడాలంటే ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే 50 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఉంటే నిశ్చింత. అంతకు మించి జనానికి వినిపించే పని మైక్ సెట్‌వారిది, ఆంప్ ముందు ఒక మైకు పెడితే చాలు.

వెంట తీసుకువెళ్ళవలసినవి తక్కువే. మీ గిటార్, మీ కేబుల్, మీరు వాడే పిక్, గిటార్‌లో ప్రీఆంప్ (బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్) ఉంటే కొత్త 9 వోల్టుల బ్యాటరీ, ఒక హెడ్‌ఫోన్, చిన్న నోటుపుస్తకం. దుకాణంలో గోడకు ఉన్న ఖరీదైన గిటార్‌తో పరీక్షిస్తే ఆంప్ బాగున్నట్టు అనిపిస్తుంది గానీ, ఇంటికి వచ్చాక అందులో గుచ్చేది మీ గిటార్‌నే కదా. తీగలు కూడా రోజూ వాడేవే ఉండనివ్వండి. పెడల్స్ (కాలితో నొక్కి శబ్దం మార్చే పెట్టెలు) మాత్రం ఇంట్లో వదిలేయండి, లేదా సంచిలోనే ఉంచి చివరి పావుగంటకు తీయండి.

బయలుదేరే ముందురోజు దుకాణానికి ఫోన్ చేసి, మీకు కావలసిన మోడళ్ళు పెట్టె విప్పి పరీక్షకు పెట్టి ఉన్నాయా అని అడగండి. చాలాచోట్ల కేటలాగులో ఉన్నవన్నీ గిడ్డంగిలో ఉండవు. వారం మధ్యలో ఉదయం పూట వెళ్ళడం ఉత్తమం. పూజలకు ముందు, డిసెంబరులో క్రిస్మస్‌కు ముందు మన జిల్లాల మందిరాలవారు, పార్టీలవారు అందరూ ఒకేసారి కొనుగోళ్ళకు వస్తారు కాబట్టి, ఆ రోజుల్లో మీకు పది నిమిషాలు కూడా ప్రశాంతంగా దొరకవు. వీలైతే ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళండి. అతనికి గిటార్ రాకపోయినా ఫరవాలేదు, అతని పని వేరే ఉంది.

పెట్టిన చోటు, నిలబడిన చోటు

దుకాణంలో మొదట చేయవలసిన పని ఆంప్‌ను కదపడం. నేలమీద, గోడ మూలన పెట్టిన పెట్టెకు నేల, రెండు గోడలు కలిసి బేస్‌ను, అంటే కింది స్వరాలను, పెంచేస్తాయి. పక్కనున్న ఇంకో ఆంప్ అరమీద ఉంటే దానికి ఆ అదృష్టం ఉండదు. ఈ రెండింటినీ పోల్చడం నేలమీద ఉన్న మనిషినీ నిచ్చెనమీద ఉన్న మనిషినీ ఎత్తు కొలిచినట్టే. ‘భాయినా, దీన్ని ఈ కుర్చీ మీద పెడదామా’ అని మర్యాదగా అడిగితే బరంపురం వైపు దుకాణాల్లోనే కాదు, ఎక్కడా కాదనరు. గోడకు కనీసం రెండడుగుల దూరం ఉంచి, పోల్చదలచిన ప్రతి ఆంప్‌ను అదే కుర్చీ మీద, అదే చోట పెట్టి వినండి.

ఇక మీరు నిలబడే చోటు. గిటార్ స్పీకర్ నుంచి బేస్ అన్ని వైపులా పాకుతుంది గానీ, ట్రిబుల్, అంటే హెచ్చు స్వరాలు, టార్చిలైటు వెలుగులా సూటిగా ముందుకు మాత్రమే పోతాయి. స్పీకర్ మీ చీలమండల దగ్గర ఉంటే ఆ వెలుగు మీ కాళ్ళకు తగులుతుంది, మీ చెవులకు కాదు. అందువల్ల శబ్దం మందకొడిగా ఉందనుకుని ట్రిబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవారి చెవుల్లో సూదులు దిగుతాయి. మా మందిరంలో జరిగింది అచ్చం ఇదే. కనుక స్పీకర్ మీ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టి ఎదురుగా ఒకసారి, పక్కకు నాలుగడుగులు జరిగి ఒకసారి, దుకాణం గుమ్మం దగ్గరకు వెళ్ళి ఒకసారి వినండి. గుమ్మం దగ్గర వినేటప్పుడు వాయించడానికే స్నేహితుడో, దుకాణం కుర్రవాడో కావాలి. గిటార్ రానివారైనా ఒక తీగను వరుసగా మీటుతూ ఉంటే చాలు. ఎదురుగానూ పక్కనా శబ్దం మరీ వేరుగా ఉన్న ఆంప్, ఒక్కరే కూర్చుని వాయించుకునే గదికి పనికివస్తుంది గానీ, జనం అర్ధచంద్రాకారంగా కూర్చునే మందిరానికి ఇబ్బంది పెడుతుంది.

వాయించకముందే వినవలసింది

ఆంప్ ఆన్ చేసి, ఏమీ గుచ్చకుండా, వాల్యూమ్ సగానికి తెచ్చి ఊరికే వినండి. సన్నని సుయ్ మనే శబ్దం ప్రతి ఆంప్‌లోనూ ఉంటుంది. గుయ్ మనే మోత వస్తే దాని శ్రుతి గమనించండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జి స్వరం 98 హెర్ట్జ్, దానికి ఒక స్థాయి కింది జి 49 హెర్ట్జ్. కాబట్టి మోత జి స్వరానికి దగ్గరగా పలుకుతుంటే అది కరెంటు నుంచి వచ్చే హమ్ అని తీగ మీటి సరిచూసుకోవచ్చు. ఏమీ గుచ్చకుండానే ఆ మోత పెద్దగా వస్తే లోపం ఆంప్‌లోనో, దుకాణం వైరింగ్‌లోనో ఉంది. వేరే ప్లగ్గులో పెట్టి చూడండి.

తర్వాత కేబుల్, గిటార్ కలిపి మళ్ళీ వినండి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే, ఒకే కాయిల్ ఉన్న భాగం) ఉన్న గిటార్ ఏ ఆంప్‌లోనైనా కొంత గుయ్ మంటుంది. మీరు నిలబడిన చోటే నెమ్మదిగా చుట్టూ తిరిగితే ఒక దిక్కున అది తగ్గిపోతుంది. తిరిగినప్పుడు మారే మోత పికప్‌ది, ఆంప్‌ది కాదు. హంబకర్ పికప్‌లో రెండు కాయిల్స్ ఒకదాని హమ్‌ను ఒకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. తీగలను ముట్టుకున్నప్పుడు మోత తగ్గడం మామూలు విషయమే. ముట్టుకున్నప్పుడు చేతికి చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. అది ఎర్తింగ్ లోపం. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేసి హమ్ తగ్గించుకోమని సలహా ఇచ్చేవారు స్టేజి ప్రపంచంలో ఇంకా ఉన్నారు. పాడుతూ వాయించేవారి పెదవులు మైకుకు తగిలినప్పుడు ఆ సలహా ప్రాణం తీయగలదు.

క్లీన్ చానల్‌తో మొదలు

డిస్టార్షన్ (విరిగిన గరగర శబ్దం) కోసమే వెళ్ళినా మొదట అది లేని క్లీన్ చానలే వినండి. రివర్బ్ (గది ప్రతిధ్వని), డిలే, కోరస్ వంటి ఎఫెక్టులన్నీ సున్నాకు తెండి. గదికి లేని గాంభీర్యాన్ని రివర్బ్ అరువు తెస్తుంది, ఆ అరువు చాటున ఆంప్ అసలు గొంతు దాగిపోతుంది. బేస్, మిడ్, ట్రిబుల్ నాబులను సగంలో పెట్టండి. అయితే సగం అంటే సమతలం అనుకోవద్దు. ఫెండర్ తరహా ఆంపుల్లో మూడూ సగంలో ఉన్నా మధ్య స్వరాలు గుంట పడినట్టే ఉంటాయి. ఆ గుంట పూడాలంటే మిడ్‌ను చివరిదాకా పెంచి, బేస్, ట్రిబుల్ బాగా తగ్గించాలి. ఒకసారి అలా కూడా పెట్టి వినండి. ఒంటరిగా వింటే అంత సొగసుగా ఉండదు. కానీ కీబోర్డు, ప్యాడ్, ఢోలక్, ఇద్దరు గాయకులు కలిసి మోగే చోట గిటార్‌ను బయటికి వినిపించేది ఆ మధ్య స్వరాలే. దుకాణంలో తియ్యగా అనిపించిన గుంట శబ్దం స్టేజి మీద ఎటుపోయిందో తెలియక వాల్యూమ్ పెంచుకుంటూ పోయే గిటారిస్టులు మన పార్టీల్లో కోకొల్లలు.

ఏం వాయించాలి? మీకు నిద్రలో కూడా తప్పు రాని ఒక పాటను, అందులోనూ మీరు ఎక్కువగా వాయించే భాగాన్ని ఎంచుకోండి. కొత్త ఆంప్ ముందు కూర్చుని కొత్త వరసలు ప్రయత్నిస్తే మీ బుద్ధి వేళ్ళమీద ఉంటుంది, చెవిమీద ఉండదు. ప్రతి ఆంప్ మీదా అదే వాయించండి. నా వరకు క్రమం ఇది: ముందు ఇ కార్డ్‌ను ఆరు తీగలమీదా నెమ్మదిగా జారవిడిచి, ఆరు స్వరాలూ విడివిడిగా వినబడుతున్నాయో, ముద్దగా కలిసిపోతున్నాయో చూస్తాను. తర్వాత ఒకే స్వరాన్ని మెత్తగా, కొంచెం గట్టిగా, బాగా గట్టిగా మీటి, చేతి బలం మారినప్పుడు శబ్దం కూడా మారుతున్నదా లేక అన్నీ ఒకే ముఖంతో వస్తున్నాయా అని గమనిస్తాను. భజన పాటల్లోనూ సినిమా పాటల్లోనూ జారుళ్ళు, గమకాల వంటి వంపులు ఎక్కువ కాబట్టి, రెండో తీగ మీద ఒక స్వరాన్ని వంచి పట్టుకుని అది ఎంతసేపు నిలుస్తుందో, ఎలా ఆరిపోతుందో వింటాను. చక్కని ఆంప్‌లో స్వరం దీపం కొండెక్కినట్టు మెల్లగా ఆరుతుంది, చౌకదాంట్లో చివర ఒక్కసారి తెగిపోతుంది.

ఆ తర్వాత ఆరో తీగ మీద ఖాళీ తీగ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కొక్క మెట్టే ఎక్కండి. ఏదో ఒక స్వరం దగ్గర పెట్టె గడగడమంటే, వెనుక పలకో, స్క్రూనో వదులుగా ఉన్నట్టు. బిగిస్తే పోతుందేమో అక్కడే బిగించి చూపమనండి, ‘ఇంటికి వెళ్ళాక పోతుంది’ అన్న మాట వినకండి.

గట్టితనం చేసే మాయ

పోలికలో చెవిని అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. రెండు ఆంపుల్లో ఒకటి కాస్త గట్టిగా మోగుతుంటే, మనకు అది గట్టిగా ఉందని అనిపించదు, బాగుందని అనిపిస్తుంది. దానికి కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు చెవి బేస్‌ను, మరీ హెచ్చు స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది, గట్టిదనం పెరిగేకొద్దీ అవి నిండుగా వినబడతాయి. ఫ్లెచర్, మన్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఈ తేడాను కొలిచి గీతలు గీశారు. అమ్మేవారికి ఆ గీతలు తెలియకపోవచ్చు గానీ, తాను అమ్మదలచిన ఆంప్‌ను ఇంకొంచెం గట్టిగా మోగించాలన్న కిటుకు మాత్రం బాగా తెలుసు.

దీనికి విరుగుడు రెండు ఆంపుల గట్టితనాన్ని సమానం చేయడం. ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే యాప్ ఒకటి వేసుకోండి. అది చూపే అంకె ఖచ్చితమైనది కాకపోవచ్చు, కానీ ఒకే ఫోన్‌ను ఒకే చోట పెట్టి రెండింటినీ పోల్చడానికి అది చాలు. ఒకే కార్డ్‌ను ఒకే బలంతో మీటుతూ, రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపేదాకా వాల్యూమ్ సరిచేయండి. నాబు మీద రాసిన అంకెలను నమ్మకండి, ఒకదాని 3 ఇంకొకదాని 6 కావచ్చు. ఆ తర్వాత మీరు ఆంపులకు వీపు తిప్పి కూర్చుని వాయించండి, స్నేహితుడు చెప్పకుండా కేబుల్ మారుస్తూ ఉంటాడు. మార్చే ముందు ప్రతిసారీ వాల్యూమ్ తగ్గించమని చెప్పండి, లేకపోతే ఠాప్‌మని పేలుతుంది. నచ్చినప్పుడల్లా ‘మొదటిది’, ‘రెండోది’ అని అతను నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఇలా చేసినప్పుడు, పేరు చూసి ముందే మనసు పారేసుకున్న ఆంప్‌కు తక్కువ మార్కులు పడటం నేను చాలాసార్లు చూశాను. నాకే పడ్డాయి కూడా.

సమానం చేసి విన్నాక, మీరు ఇంట్లో వాడే గట్టితనానికి దించి ఇంకోసారి వినండి. పిల్లలు పడుకున్నాక పక్కగదికి వినబడనంత మెల్లగా మోగించినప్పుడు కొన్ని ఆంపులు నీరసించిపోతాయి, కొన్ని అప్పుడు కూడా మాట స్పష్టంగా పలుకుతాయి. రోజూ సాధన చేసేవారికి ఈ ఒక్క పరీక్షే సగం తీర్పు. హెడ్‌ఫోన్ గుచ్చి కూడా వినండి. చౌక ఆంపుల్లో స్పీకర్ కప్పిపుచ్చే గరగర అంతా హెడ్‌ఫోన్‌లో బయటపడుతుంది.

చెవి అలిసిపోతుందన్న సంగతి కూడా మరవకండి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట మాత్రమే. చెవి అలిసినకొద్దీ పదును శబ్దాలు మెత్తగా అనిపిస్తాయి కాబట్టి, అరగంటకొకసారి బయటికి వెళ్ళి టీ తాగి రండి. ఆ కాసేపు దుకాణానికి వచ్చిన మిగతావారికి కూడా ప్రశాంతత దొరుకుతుంది.

గెయిన్, వాల్వులు, అనుకరణ ఆంపులు

ఇప్పుడు డిస్టార్షన్ చానల్. గెయిన్ అనేది శబ్దాన్ని ఎంత విరగగొట్టాలో నిర్ణయిస్తుంది, మాస్టర్ వాల్యూమ్ దాన్ని ఎంత గట్టిగా బయటికి పంపాలో నిర్ణయిస్తుంది. గెయిన్‌ను సగం దగ్గర పెట్టి, మూడు నాలుగు తీగల కార్డ్ వాయించి స్వరాలు గుర్తుపట్టగలుగుతున్నారేమో చూడండి. గిటార్ మీది వాల్యూమ్‌ను సగానికి దించినప్పుడు శబ్దం శుభ్రపడాలి. అప్పుడు కూడా అదే గరగర ఉంటే ఆ ఆంప్ మీ చేతి మాట వినదు.

వాల్వు ఆంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో పనిచేసేది) అయితే ఆన్ చేసిన వెంటనే వాయించకుండా ఒకటి రెండు నిమిషాలు వేడెక్కనివ్వండి. స్పీకర్ తగిలించకుండా వాల్వు ఆంప్‌ను మోగించడం ట్రాన్స్‌ఫార్మర్‌ను చంపడమే, దుకాణంలో హెడ్ (ఆంప్ భాగం), క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) విడివిడిగా ఉంటే తీగ కలిసి ఉందో లేదో, రెండింటి మీదా 8 ఓమ్స్ అనో, 16 ఓమ్స్ అనో ఒకే అంకెకు కలిపారో లేదో మీరే చూసుకోండి. ఆ రెండింటినీ కలిపే తీగ కూడా స్పీకర్ కేబులే కావాలి, గిటార్ కేబుల్ ఆ కరెంటును మోయలేదు. వాల్వు ఆంపులు వాటి వాట్లకు మించి గట్టిగా అనిపిస్తాయి. 5 వాట్ల వాల్వు ఆంప్ కూడా వీధి ఇళ్ళన్నిటికీ వినబడగలదు, దాన్ని గట్టిగా మోగించినప్పుడు గానీ అసలు రుచి రాదు. ఇరుగుపొరుగు గోడలు కలిసిన ఇళ్ళలో ఉండేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మార్షల్ ఆంపుల పుట్టుక కూడా ఒక సంగీత దుకాణంలోనే జరిగింది. జిమ్ మార్షల్ స్వయంగా డ్రమ్ములు వాయించే మనిషి. లండన్‌లోని ఆయన దుకాణానికి వచ్చే గిటారిస్టులు తమకు కావలసిన శబ్దం ఎలా ఉండాలో చెబుతుంటే, ఫెండర్ బాస్‌మన్ అనే ఆంప్ సర్క్యూట్‌ను ఆధారంగా తీసుకుని ఆయన బృందం 1962లో తమ మొదటి ఆంప్ జేటీఎం 45ను తయారుచేసింది. కనుక కౌంటర్ ముందు నిలబడి ‘ఇలా కాదండీ, ఇంకోలా ఉండాలి’ అని చెప్పడానికి మీరు మొహమాటపడనక్కరలేదు.

డిజిటల్ అనుకరణ ఆంపుల్లో పదులకొద్దీ ఆంపుల గొంతులు, ఎఫెక్టులు ఒకే పెట్టెలో ఉంటాయి. మన అవసరాలకూ మన బడ్జెటుకూ చాలామందికి సరిపోయేవి ఇవే అని నా అభిప్రాయం. కానీ తయారుచేసినవారు పెట్టిన ప్రీసెట్లు దుకాణంలో అబ్బురపరచడానికి చేసినవి. వాటిని దాటి, ఖాళీ సెట్టింగు నుంచి మీకు కావలసిన ఒక్క శబ్దాన్ని మీరే తయారుచేసి దాచుకోండి, స్విచ్ ఆపి మళ్ళీ వేసి అది అక్కడే ఉందో లేదో చూడండి. ఫోన్ యాప్ లేకుండా ఎన్ని పనులు చేసుకోగలరో కూడా అడగండి. చీకటి స్టేజి మీద, పాటకూ పాటకూ మధ్య ఫోన్ తెరిచి శబ్దం మార్చుకునే తీరిక ఉండదు.

చెక్క గిటార్ ఆంప్

దీన్ని పరీక్షించేటప్పుడు చూడవలసింది ముఖ్యంగా ఊళ, అంటే ఫీడ్‌బ్యాక్. గిటార్ పెట్టె ఖాళీగా ఉంటుంది కాబట్టి స్పీకర్ శబ్దం దానిలోకి దూరి, మళ్ళీ పికప్ గుండా ఆంప్‌కు చేరి ఊళ పెడుతుంది. ఆంప్‌కు మూడడుగుల దూరంలో నిలబడి, మీరు మందిరంలో వాడేంత వాల్యూమ్ పెట్టి, తీగల మీద చేయి ఆనించకుండా ఆగండి. ఊళ మొదలైతే, దాన్ని అణచడానికే ఉండే ఫేజ్ బటన్, నాచ్ నాబు వాడి దాన్ని ఆపగలుగుతున్నారేమో చూడండి. ఆపినప్పుడు గిటార్ శబ్దం మరీ పలచబడకూడదు. మైకు కూడా గుచ్చి పాడి చూడండి, ఎందుకంటే ప్రార్థన కూడికలకు వెళ్ళేవారు ఒకే ఆంప్‌లో గొంతునూ గిటార్‌నూ కలిపి వాడుకోవలసి వస్తుంది. క్రిస్మస్ క్యారల్స్ కోసం ఇంటింటికీ తిరిగేవారికి బ్యాటరీతో నడిచే చిన్న ఆంపులు ఉన్నాయి. రోలాండ్ మైక్రో క్యూబ్ వంటివి ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తాయి.

కరెంటు, తేమ, పాత సరుకు

వెనుక ఉన్న లేబుల్ చదవండి. 230 వోల్టులు, లేదా 220 నుంచి 240 వోల్టులు అని ఉండాలి. విదేశం నుంచి చుట్టాలు తెచ్చిన 120 వోల్టుల ఆంప్‌ను నేరుగా గుచ్చితే పొగ తప్ప సంగీతం రాదు. వోల్టేజి పడిపోయే ఊళ్ళవారు వాల్వు ఆంప్ కొంటే దానితోపాటు స్టెబిలైజర్ ధరను కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయితే కరెంటు పోయినప్పుడు ఆంప్ జుయ్ మంటుంది. ఆ తప్పు ఇన్వర్టర్‌ది, ఆంప్‌ను తిరిగి ఇవ్వకండి.

ప్రతి నాబును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, కరకరమనకూడదు. జాక్‌ను గుచ్చి కొంచెం కదపండి, శబ్దం తెగకూడదు. ఫుట్‌స్విచ్, హెడ్‌ఫోన్, లైన్ అవుట్, ఎఫెక్ట్స్ లూప్ అన్నీ ఒక్కసారైనా వాడి చూడండి. గోపాలపురం, బరంపురం వైపు ఉప్పుగాలికి జాకులు తుప్పు పడతాయి కాబట్టి, పరీక్షకు పెట్టిన ముక్కనే తగ్గించి ఇస్తామంటే ఈ తనిఖీ రెండింతలు చేయండి.

పాత ఆంప్ కొనేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లానూ పక్కన శ్రీకాకుళాన్నీ ముంచెత్తింది, 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. నీళ్ళలో నానిన సామాను ఆరబెట్టి అమ్మకానికి రావడం వింతేమీ కాదు. వెనుక పలక లోపలి అంచుల దగ్గర చెక్క ఉబ్బిందా, నీటి మట్టం గీత ఉందా, స్క్రూలు తుప్పు పట్టాయా, స్పీకర్ కాగితం ముడతలు పడిందా అని టార్చి వేసి చూడండి. చిల్లుపడ్డ స్పీకర్‌ను మార్చవచ్చు, నానిన సర్క్యూట్ మాత్రం ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

డబ్బు ఇచ్చే ముందు

ఎంచుకున్న ఆంప్‌ను మీరే ఒకసారి ఎత్తి దుకాణం గుమ్మం దాకా మోసుకువెళ్ళండి. ఫెండర్ ట్విన్ రివర్బ్ 29 కిలోలు ఉంటుంది. దాన్ని రైలు మెట్లెక్కించి, విజయనగరంలో ప్లాట్‌ఫాం మారి, రాయగడ స్టేషన్ నుంచి ఆటోలో వేసుకుని వచ్చే ఓపిక ఉంటేనే అలాంటిది అడగాలి. దుకాణంవారు గిడ్డంగి నుంచి సీలు వేసిన కొత్త పెట్టె తెచ్చి ఇస్తే, మీరు విన్నది అది కాదు కాబట్టి దాన్ని విప్పించి, హమ్, నాబులు, జాకులు, ఆరో తీగ మీది మెట్లు మళ్ళీ చూడండి. పది నిమిషాల పని.

జీఎస్టీ బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ సర్వీసు ఏ ఊళ్ళో జరుగుతుందో, అక్కడికి పంపే ఖర్చు ఎవరిదో, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో నోటిమాటగా కాకుండా ఆ బిల్లు వెనుకే రాసి ఇవ్వమనండి. అట్టపెట్టెను, లోపలి థర్మకోల్‌ను ఆ గడువు ముగిసేదాకా అటక మీద ఉంచండి. ఇంటికి చేరిన రాత్రే ఆంప్‌ను మీరు రోజూ కూర్చునే చోట, దుకాణంలో పెట్టినంత ఎత్తు కుర్చీ మీద పెట్టి, నోటుపుస్తకంలో రాసుకున్న నాబు స్థానాలకు తెచ్చి, అదే పాట వాయించండి. బేస్ ఎక్కువైతే గోడకు ఇంకో అడుగు దూరం జరపండి, అప్పటికీ తగ్గకపోతేనే నాబును ముట్టుకోండి.